రోజూ జేబులో ఉండే మడత చాకు: ఏళ్ల తరబడి మన్నేదాన్ని ఎంచుకోవడం ఎలా

మడత చాకు పాడయ్యే దారులు నాలుగే. బ్లేడు తిరిగే ఇరుసు అరిగి అది ఊగడం, తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే లాక్ పట్టు సడలడం, తుప్పు తినడం, మొన విరగడం. పిడి రంగు, బ్లేడు మీది నల్ల పూత, పెట్టె మీద రాసిన "టాక్టికల్" అన్న మాట వీటిలో ఒక్కదాన్నీ ఆపలేవు. అందుకే చాకు కొనేటప్పుడు ఆ నాలుగు చోట్లే చూడాలి. షాపులో నిలబడి చూసినా, పార్సిల్ విప్పి ఇంట్లో చూసినా పద్ధతి ఒకటే.

ముందు పని తేల్చుకోండి

వారం రోజులు గమనించండి. కోయడానికి ఏదైనా ఉంటే బాగుండు అనిపించిన ప్రతిసారీ ఏం కోయాల్సి వచ్చిందో రాసుకోండి. కొరియర్ పెట్టెలు, పురికొస, పండ్లు తప్ప ఇంకేం లేకపోతే లాక్ లేని చిన్న చాకు సరిపోతుంది. ఎరువుల బస్తా కుట్టు విప్పడం, 16 మి.మీ. డ్రిప్ పైపు కోయడం, నైలాన్ తాడు తెంచడం, పెట్టెల ప్లాస్టిక్ పట్టీలు కోయడం రోజూ ఉంటే లాక్ ఉన్నదే తీసుకోండి. బలంగా నొక్కినప్పుడో, మొనతో గుచ్చినప్పుడో లాక్ లేని బ్లేడు వేళ్ల మీదికి మూసుకుంటుంది.

కొబ్బరి పీచు ఒలవడం, కట్టె చీల్చడం, పెయింటు డబ్బా మూత లేపడం ఏ మడత చాకు చేసే పనులూ కావు. మొనలు విరిగేది ఎక్కువగా ఆ మూత దగ్గరే. బ్లేడు ఒత్తిడికి నిలవాలన్న ఉద్దేశంతో తయారవుతుంది, పక్కకు మెలితిప్పే బలానికి కాదు. అలాంటి పనికి చిన్న స్క్రూడ్రైవరు వెంట ఉంచుకోండి. స్విస్ ఆర్మీ రకం చాకుల్లో అది ఎలాగూ ఉంటుంది.

బ్లేడు పొడవు 7 నుంచి 8.5 సెం.మీ. ఉంటే దాదాపు అన్ని రోజువారీ పనులూ అవుతాయి. 6 సెం.మీ. కన్నా చిన్నదైతే మామిడికాయ కోయడమే ఇబ్బంది. 9 దాటితే జేబులో అడ్డం పడుతుంది, చూసేవాళ్లకూ బెదురు. బరువు 50 నుంచి 110 గ్రాముల మధ్య చూసుకోండి. బక్ కంపెనీ 1964లో తెచ్చిన బక్ 110 చాలా దృఢమైన చాకు, కానీ ఇత్తడి, కర్ర పిడితో 200 గ్రాముల దాకా తూగుతుంది. బెల్టుకు తోలు ఒరలో బాగుంటుంది, ప్యాంటు జేబులో కాదు. బరువైన చాకును నాలుగు రోజులకే ఇంట్లో వదిలేసి వెళ్తారు.

చట్టం

2016 ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు తయారైన వాటికి మినహాయింపు ఉంది. 8 సెం.మీ. మడత చాకు ఈ కొలతకు చాలా లోపలే ఉంటుంది. ఢిల్లీలో మాత్రం బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునే చాకులపై 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు దగ్గరే ఆంక్ష మొదలవుతుంది. బటన్ చాకు ఎక్కడున్నా కొనొద్దు. చట్టం సంగతి అటుంచితే, దాని స్ప్రింగు త్వరగా సడలుతుంది, లోపల దుమ్ము చేరితే శుభ్రం చేయడమూ కష్టం.

విమానంలో చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతి సంచిలో కాదు. కోర్టు, మెట్రో, సభలు, మెటల్ డిటెక్టరు ఉన్న ఏ చోటికైనా వెళ్లే రోజు ఇంట్లో పెట్టి వెళ్లండి. తిరుమల ప్రయాణానికీ అంతే, అలిపిరి దగ్గర సామాను తనిఖీ ఉంటుంది. బ్రిటన్‌లో ఉండేవాళ్లు కారణం చూపకుండా వెంట ఉంచుకోగలిగింది 3 అంగుళాల లోపు, లాక్ లేని మడత చాకు ఒక్కటే. జర్మనీలో ఒంటి చేత్తో తెరుచుకుని లాక్ పడే చాకును తగిన కారణం లేకుండా బయట తిప్పకూడదు. అక్కడివాళ్లు కింద చెప్పే లాక్ రకాలు చదివేముందు ఈ మాట గుర్తుంచుకోండి.

లాక్ ఎలా పనిచేస్తుందో, ఎలా తప్పుతుందో

లాక్ లేని చాకులో పిడి వీపున ఉన్న స్ప్రింగు పట్టీ బ్లేడు మొదలును నొక్కి పట్టుకుంటుంది. స్విస్ ఆర్మీ చాకులు చేసే విక్టోరినాక్స్ కంపెనీ మామూలు చాకుల్లో ఉండేది ఇదే. భాగాలు తక్కువ కనుక చెడేదీ తక్కువే. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు "టక్" మని గట్టిగా కూర్చోవాలి. సగం తెరిచి వదిలితే బ్లేడు వేలాడకూడదు.

లైనర్ లాక్‌లో పిడి లోపలి ఉక్కు రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలు వెనక ఆనుకుంటుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఈ రకమే. నాసిరకాలూ ఇందులోనే ఎక్కువ. మూడు విషయాలు చూడండి. రేకు మందం కనీసం 1.2 మి.మీ. ఉండాలి, అంతకన్నా పలచనిది ఒత్తిడికి వంగుతుంది. కొత్త చాకు తెరిచినప్పుడు రేకు కొస బ్లేడు మొదలు వెడల్పులో పావు వంతు నుంచి సగం వరకు మాత్రమే లోపలికి రావాలి. కొత్తలోనే అవతలి అంచును తాకుతుంటే ఇక అరగడానికి చోటే లేదు, ఏడాదిలో బ్లేడు ఊగుతుంది. అంచుకు మరీ ఇవతలే ఆగితే ఒత్తిడిలో జారిపోతుంది. మూడోది, రేకు కొస బ్లేడుకు పూర్తిగా ఆని ఉండాలి. దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే మధ్యలో వెలుతురు గీత కనబడకూడదు.

ఫ్రేమ్ లాక్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, కాకపోతే పిడి సగభాగమే లాక్ అవుతుంది. కాబట్టి బలం ఎక్కువ. పైగా మీరు గట్టిగా పట్టుకున్న కొద్దీ లాక్ ఇంకా బిగుస్తుంది. పిడి టైటానియం అయితే బ్లేడుకు తగిలే కొసన ఉక్కు ముక్క బిగించి ఉందో లేదో చూడండి. టైటానియం నేరుగా ఉక్కుకు రాసుకుంటే అతుక్కుని, లాక్ విడిపించడానికి బొటనవేలు నొప్పిపుట్టేలా నెట్టాల్సి వస్తుంది.

వీపు మీద మీట ఉండే బ్యాక్ లాక్ మట్టి, గడ్డి మధ్య పనిచేసేవాళ్లకు మంచిది. తెరిచి పట్టుకుని బ్లేడును పైకీ కిందికీ నొక్కితే కొంచెం కదలిక తెలుస్తుంది. ఆ రకానికి అది సహజమే, కంటికి స్పష్టంగా కనబడేంత ఉంటేనే లోపం. మీట కిందున్న గాడిలో మట్టి గట్టిపడితే లాక్ పూర్తిగా దిగదు. అందుకే పుల్లతో ఆ గాడి గీకి తీసే అలవాటు ఉండాలి.

పిడికి అడ్డంగా ఉన్న కడ్డీ బ్లేడు మొదలును పట్టి ఉంచే అడ్డు కడ్డీ లాక్, అంటే బెంచ్‌మేడ్ కంపెనీ వాళ్లు యాక్సిస్ అని పిలిచేది, రెండు చేతులవాటం వాళ్లకూ ఒకేలా పనిచేస్తుంది. మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలోకి రాదు. దానిలోని రెండు సన్నని తీగ స్ప్రింగులే బలహీనత. ఒకటి విరిగినా ఇంకొకటి లాగుతుంది. ఈ రకం కొంటే విడి స్ప్రింగులు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి.

ఫ్రాన్స్‌లో తయారయ్యే కర్ర పిడి ఒపినెల్ చాకుకు 1955 నుంచి మెడ దగ్గర తిప్పే ఉక్కు కంకణమే లాక్. అంత సాదా లాక్ మరొకటి లేదు. బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన ఆ పిడి మాత్రం వానాకాలంలో ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. కోస్తాలో జులై నుంచి నవంబరు దాకా ఇది తప్పదు. నీడలో ఆరబెట్టి, ఇరుసు చీలికలో నూనె పట్టిస్తే వదులవుతుంది.

ఉక్కు: పేరు రాయని చాకు కొనొద్దు

బ్లేడు మీద గానీ పెట్టె మీద గానీ ఉక్కు పేరు ఉండాలి. "స్టెయిన్‌లెస్ స్టీల్", "జర్మన్ స్టీల్", "సర్జికల్ స్టీల్" అంటే ఏమీ చెప్పనట్టే. ఒట్టి "440" అని రాసి ఉన్నా అనుమానించండి. 440సీ మంచి ఉక్కు, 440ఏలో కార్బన్ తక్కువ. రెండో దాన్ని పెట్టినవాళ్లే చివరి అక్షరం దాచుతారు. 3సీఆర్13 అని ఉంటే పదును నిలవదు.

పేరు తర్వాత చూడాల్సింది గట్టిదనం. దాన్ని రాక్‌వెల్ సీ కొలతలో చెప్తారు. జేబు చాకులకు 56 నుంచి 61 మధ్య ఉంటుంది. 55 కన్నా తగ్గితే పదును అంచు మడత పడుతుంది. 62 దాటితే సామాన్య ఉక్కుల్లో అంచు పెచ్చులుగా రాలుతుంది, ఇంట్లో సాన పట్టడమూ కష్టం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒకే పేరున్న ఉక్కు రెండు కార్ఖానాల్లో రెండు రకాలుగా నడుచుకుంటుంది, తేడా అంతా కాల్చి చల్లార్చిన తీరులోనే. 420హెచ్‌సీ ఖరీదైన ఉక్కేమీ కాదు, అయినా బక్ కంపెనీ దాన్ని 58 దాకా గట్టిపరిచి నమ్మకంగా పనిచేయిస్తోంది.

మన వాతావరణానికి ఏది తగుతుందో చూడండి. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ప్రాంతాల్లో డీ2 అనే ఉక్కు బాగా పనిచేస్తుంది. అందులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం వరకు ఉంటాయి. అట్టపెట్టెలు ఎన్ని కోసినా పదును నిలుస్తుంది. కానీ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసిపోవడంతో తుప్పును ఆపేందుకు మిగిలేది తక్కువ. అదే డీ2 విశాఖలోనో కాకినాడలోనో చెమట జేబులో ఉంటే వారంలోపే చుక్కలు చుక్కలుగా తుప్పు కనబడుతుంది. ఒపినెల్ కార్బన్ రకం ఇంకా సున్నితం. మామిడి సొన, నిమ్మ, చింతకాయ పులుపు తగిలిన నిమిషాల్లో నల్లబడుతుంది. ఆ నలుపు హాని చేయదు, ఎర్రగా పొడి రాలే తుప్పే హాని.

తీరప్రాంతం వాళ్లకు, పండ్లు, కూరలు ఎక్కువ కోసేవాళ్లకు 14సీ28ఎన్ ఉక్కును ముందు వరసలో పెడతాం. క్రోమియం 14 శాతం, కొద్దిగా నైట్రోజన్, కార్బన్ 0.62 శాతం. తుప్పును బాగా తట్టుకుంటుంది, మామూలు రాతి మీద త్వరగా పదునెక్కుతుంది, ధరా అందుబాటులోనే ఉంటుంది. ఒపినెల్ స్టెయిన్‌లెస్‌లో వాడే 12సీ27 దీనికి అన్నలాంటిది. విక్టోరినాక్స్ ఉక్కు సుమారు 56 గట్టిదనంతో మెత్తగా ఉంటుంది, తరచుగా సాన కోరుతుంది, కానీ నాలుగు రుద్దులకే తేరుకుంటుంది. వీజీ-10, ఏయూఎస్-8, 8సీఆర్13ఎంఓవీ మధ్యరకం, ధర బాగుంటే తీసుకోవచ్చు. ఉప్పునీటి పని, అంటే రొయ్యల చెరువులు, పడవలు, చేపల పని చేసేవాళ్లు హెచ్1 లేదా ఎల్‌సీ200ఎన్ ఉక్కు ఉన్న స్పైడర్కో కంపెనీ సాల్ట్ వరస చూడండి. 2021లో వచ్చిన మాగ్నాకట్ ఉక్కు పదును నిలుపుకోవడంలోనూ తుప్పు తట్టుకోవడంలోనూ చాలా పైన ఉంది, ధరలో కూడా.

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: మీ ఇంట్లో ఏ రాయి ఉంది? మామూలు సానరాయే ఉంటే ఎస్30వీ, ఎం390 లాంటి ఉక్కులకు డబ్బు పోయకండి. వాటికి డైమండ్ పలక కావాలి. మొద్దుబారిన ఖరీదైన చాకు కన్నా వారానికోసారి పదును పట్టే మామూలు చాకే పనికొస్తుంది.

బ్లేడు ఆకారం, ఇరుసు, పిడి

బ్లేడు వీపు మందం 2.5 నుంచి 3 మి.మీ. చాలు. 4 మి.మీ. ఉంటే "దిట్టం" అనుకుంటారు గానీ యాపిల్‌ను కోయదు, చీలుస్తుంది. వీపు కన్నా ముఖ్యమైనది పదును అంచుకు సరిగ్గా పైనున్న మందం. 0.5 మి.మీ. దగ్గర ఉంటే బాగా కోస్తుంది, 0.8 దాటితే అట్టలో ఇరుక్కుంటుంది. వంపు తిరిగి కిందికి వాలిన మామూలు మొన తీసుకోండి. సూదిలా సన్నగా సాగిన మొన మొదట విరుగుతుంది. రంపపు పళ్ల అంచు నైలాన్ తాడుకు బాగుంటుంది, కానీ ఇంట్లో పదును పెట్టలేరు. మొదటి చాకుకు నున్నని అంచే ఉండాలి.

ఇరుసు దగ్గర బ్లేడుకూ పిడికీ మధ్య ఏముందో అడగండి. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు పొలానికి, గోదాముకు మేలు: దుమ్ము పడినా నడుస్తాయి, అరుగుదల నిదానం. నైలాన్ వాషర్లూ ఫరవాలేదు. బాల్ బేరింగులు వేలితో తోస్తే చాలు జారిపోతాయి గానీ ఇసుక, సిమెంటు దుమ్ము చేరితే గరగరలాడి ఆగుతాయి. ఇంకోటి, చాకును స్క్రూలతో బిగించారా, రివెట్లతో కొట్టారా? లాక్ ఉన్న చాకులో ఇరుసు స్క్రూ అయితే వదులైనప్పుడు మీరే బిగించుకోవచ్చు. ఆరు మూలల టార్క్స్ తలలే ఎక్కువ, టీ6, టీ8, టీ10 బిట్లు ఉంటే దాదాపు అన్నీ విప్పొచ్చు.

పిడికి జీ10 (గాజు గుడ్డ పొరలను జిగురుతో అదిమి చేసే పలక), గాజు పీచు కలిపిన నైలాన్ మన ఎండకూ చెమటకూ నిలుస్తాయి. నున్నని ఉక్కు పిడి తడి చేతిలో జారుతుంది. పిడి వీపు తెరిచి ఉండి, మధ్యలో చిన్న కడ్డీలు మాత్రమే ఉన్న రకాన్ని కుళాయి కింద కడిగితే మట్టంతా పోతుంది.

చేతిలోకి వచ్చాక పరీక్ష

ఈ వరసలో చేయండి, అయిదు నిమిషాల పని.

1. మూసి ఉన్న చాకును పైనుంచి చూడండి. బ్లేడు రెండు రేకుల మధ్య ఉండాలి. కొద్దిగా ఒక పక్కకున్నా ఇరుసు స్క్రూతో సరవుతుంది. రేకుకు రాసుకుంటుంటే తిరిగి ఇచ్చేయండి.
2. మూసినదాన్ని బ్లేడు తెరుచుకునే వైపు కిందికి పెట్టి గట్టిగా విదిలించండి. బ్లేడు బయటికి రాకూడదు. జేబులో తెరుచుకునే చాకు కన్నా ప్రమాదకరమైంది లేదు.
3. తెరిచి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పిడి పట్టుకుని, మొన దగ్గర వీపును పట్టుకుని పక్కలకు ఊపండి. టక టక తెలిస్తే ఇరుసు స్క్రూ ఎనిమిదో వంతు తిప్పి మళ్లీ చూడండి. ఊగడం ఆగేలోపే బ్లేడు బిగుసుకుపోతే వాషర్లు గానీ ఇరుసు రంధ్రం గానీ సరిగా లేనట్టే.
4. వీపును బల్ల అంచుకు ఆనించి అరచేతితో నెమ్మదిగా బరువు మోపండి. లాక్ కదలకూడదు. వీపును బల్లకేసి కొట్టే పరీక్ష చేయకండి, మంచి లాక్ కూడా దానికి దెబ్బతింటుంది.
5. పిడిని పిండి పట్టుకుని మణికట్టు తిప్పండి. లైనర్ లాక్ ఈ మెలికకే ఎక్కువసార్లు జారుతుంది.
6. వార్తాపత్రిక కాగితం కోయండి. ఒకే చోట పదేపదే చిరుగుతుంటే అక్కడ అంచు మీద బొరుసు, అంటే సానలో తెగకుండా వేలాడే సన్నని ఉక్కు పొర, మిగిలింది. సానతో పోతుంది, తిప్పి పంపాల్సినంత లోపం కాదు.

ఆన్‌లైన్‌లో పేరున్న కంపెనీల నకిలీలు చాలానే తిరుగుతున్నాయి. కంపెనీ చెప్పిన బరువును వంటింటి తూకంతో సరిచూడండి. 10 శాతం కన్నా తేడా ఉంటే, గుర్తు అచ్చు మసకగా ఉంటే, స్క్రూల తలలు వేరువేరుగా ఉంటే ఉంచుకోకండి. వాపసు గడువు ముగియకముందే పైన చెప్పిన ఆరూ పూర్తి చేయాలి.

మొదటి నెల

కొత్త చాకు ఇరుసు రెండు మూడు వారాల్లో కొంచెం సర్దుకుని వదులవుతుంది. స్క్రూ బిగించాక కూడా మళ్లీ మళ్లీ వదులైతే విప్పి, మరను తుడిచి, స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, అంటే థ్రెడ్ లాకర్, నీలం రంగుది ఒక చిన్న చుక్క పెట్టండి. ఎర్రది పెడితే వేడి చేయకుండా రాదు, స్క్రూ తల చెడుతుంది.

ఇరుసుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే దుమ్మును పట్టి సాన పొడిలా అరగదీస్తుంది. ఆముదం, నువ్వుల నూనె, కొబ్బరి నూనె వాడకండి, నాళ్లు గడిచేకొద్దీ జిగురుగా మారతాయి. తినేవి కోసే బ్లేడుకు ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిల్ రాయండి. లైనర్ లాక్ రేకు కొస బ్లేడును తాకే చోట నూనె పెట్టకూడదు, అక్కడ జారుడు పనికిరాదు.

సాన కోసం 400, 1000 గరుకుల రాయి ఒకటి తీసుకోండి. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం ఉండాలి. 20 మి.మీ. వెడల్పు బ్లేడైతే వీపును రాతి నుంచి సుమారు 6 మి.మీ. పైకి లేపి పట్టుకుంటే కోణం కుదురుతుంది. వీధిలో సాన చక్రం తిప్పేవాళ్లకు ఈ చాకు ఇవ్వొద్దు. నీళ్లు లేకుండా తిరిగే చక్రం మీద అంచు క్షణాల్లో 300 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. అంచు నీలంగా మారిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఆ భాగమంతా అరగదీస్తే తప్ప పదును నిలవదు.

జేబుకు తగిలించే క్లిప్పు నడుముకు తగిలే వైపు, పిడి లోపలి రేకు, స్క్రూ తలలు: బ్లేడుతో పాటు చెమటతో తుప్పు మొదలయ్యేది ఇక్కడ కూడా. పని మీదున్న రోజుల్లో సాయంత్రం పొడిగుడ్డతో తుడవండి. ఉప్పునీరో ఎరువో తగిలితే ముందు మంచినీళ్లతో కడిగి, తెరిచి ఉంచి ఆరబెట్టాక నూనె రాయండి. లాక్ రేకు ఎంత లోపలికి వచ్చిందో ఆరు నెలలకోసారి చూడండి. అవతలి రేకు దాకా చేరితే ఆ చాకును కొరియర్ పెట్టెల పనికి తగ్గించి, బలమైన పనికి మరొకటి తీసుకోండి.